పుంటికూర, సొరకాయ, గుండె మాత్ర: చంద్రపూర్ తెలుగిళ్ళలో చేయవలసినవి, చేయకూడనివి

ఆషాఢం వానలు పడ్డాయంటే బల్లార్‌పూర్ కూరగాయల బజారులో ఆకుకూరల గంపలు దిగుతాయి. అమ్మే ఆమె "అంబాడీ, అంబాడీ" అని కేకేస్తుంది. మనవాళ్ళు "పుంటికూర కట్ట ఎంత?" అని అడుగుతారు. రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలుసు. బొగ్గు గనులు, కాగితం మిల్లు, రైల్వే పనుల కోసం తరాల కిందట వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. పక్కనున్న రాజురా తాలూకా ఒకప్పుడు నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే. చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది 1959లో. అందుకే మన వంటిళ్ళలో పుంటికూర తొక్కూ ఉంటుంది, విదర్భ వాళ్ళ జవస్ చట్నీ కూడా ఉంటుంది.

వాటితోపాటు ఇప్పుడు ప్రతి మూడో ఇంట్లో గుండె మాత్రల డబ్బా ఒకటి చేరింది. నా భయమంతా ఆ డబ్బాకూ వంటింటికీ మధ్య జరిగే వ్యవహారం గురించే. పురుగు పుట్రల నుంచి, ఎండ నుంచి కాపాడుకోవడానికి ప్రతి మొక్కా తనలో రకరకాల రసాయనాలు తయారుచేసుకుంటుంది. వాటిలో కొన్ని మన గుండెకు మేలు చేస్తాయి, కొన్ని కీడు చేస్తాయి, కొన్ని మనం వేసుకునే మాత్రతో తగువు పెట్టుకుంటాయి. కూరగా కంచంలో ఉన్నంతకాలం చాలావాటితో పేచీ లేదు. అదే మొక్కను రసం తీసి గ్లాసుల కొద్దీ తాగినప్పుడు, కషాయం కాచి మాత్రకు బదులు వాడినప్పుడు లెక్క మారిపోతుంది.

పుంటికూరా, రక్తం పల్చబడే మాత్రా

మా మేనత్తకు చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. అది గుండె కవాటాన్ని తినేసింది. నలభై దాటాక నాగపూర్‌లో ఆపరేషన్ చేసి లోహపు కవాటం వేశారు. అప్పటి నుంచి రక్తం పల్చబడడానికి రోజూ సాయంత్రం ఎసిట్రోమ్ మాత్ర. ఇంటికి వచ్చిన చుట్టాలెవరో "ఆకుకూర ముట్టకు, మందు పని చెయ్యదు" అన్నారు. ఆమె నాలుగేళ్ళు ఆకు ముట్టలేదు. ఒక శ్రావణంలో కూతురు పెద్ద సీసా నిండా పుంటికూర తొక్కు చేసి తెచ్చింది. నోరు చచ్చిపోయి ఉన్న మనిషి, రెండు వారాలు రెండు పూటలా అదే తిన్నది. ఆ నెల రక్తపరీక్షలో, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ అంకె 1.4 వచ్చింది. ఆమెకు 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. అంటే రక్తం మళ్ళీ గడ్డకట్టే వైపు జరిగిందన్నమాట. లోహపు కవాటం మీద గడ్డ పేరుకుంటే కవాటం బిగుసుకుపోవచ్చు, ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు.

"అత్తమ్మా, కొత్తగా ఏం తిన్నవ్?" అని నేను అడిగితే చాలాసేపు నేల చూపులు చూసింది. ఏదో తప్పు చేసినట్టు సిగ్గుపడింది. డాక్టరు మాత్రం కోప్పడలేదు. "ఆకుకూర మానమని నేను చెప్పలేదమ్మా. వారానికి ఎంత తింటావో అంతే తిను, ఎప్పుడూ అంతే తిను. దానికి తగినట్టు మాత్ర నేను సరిచేస్తా" అన్నాడు. ఆ ఒక్క మాట నాలుగేళ్ళ ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఆమె అన్నేళ్ళు నోరు కట్టుకునేది కాదు.

ఆకు పచ్చగా ఉందంటే అందులో విటమిన్ కె ఉన్నట్టే. సూర్యకాంతిని పట్టి ఆహారం చేసుకునే పనిలో ఆకుకు అది అవసరం. మన కాలేయం అదే విటమిన్‌తో రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు తయారుచేస్తుంది. ఎసిట్రోమ్, వార్ఫరిన్ మాత్రలు ఆ తయారీకి అడ్డుపడతాయి. ఆకు ఎక్కువైతే అడ్డు తొలగుతుంది. ఆకు హఠాత్తుగా మానేస్తే అడ్డు మరీ బలపడి చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం రావచ్చు. ఈ మందు పుట్టిందీ మొక్క నుంచే. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన ఒక రకం గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయాయి. ఆ గడ్డిలోని పదార్థాన్ని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం వేరుచేసింది. దాని ఆధారంగా చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల మందు అయింది.

చేయవలసినవి. గోడ మీది క్యాలెండర్‌లో ఆకుకూర వండిన రోజున ఒక చుక్క పెట్టండి. ఈ వారం రెండు చుక్కలుంటే వచ్చే వారమూ రెండే ఉండాలి. పుంటికూర, తోటకూర, పాలకూర, మెంతికూర, మునగాకు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కరివేపాకు, కొత్తిమీర పోపులోకి వేసే కొద్దిపాటికి భయం లేదు. నవరాత్రులకో కార్తీకానికో ఉపవాసాలు ఉండదలిస్తే, జ్వరం వచ్చి అన్నం సయించకపోతే, ముందు డాక్టరుకు చెప్పి ఐఎన్ఆర్ చూపించుకోండి.

చేయకూడనివి. పరీక్ష ముందు వారం మాత్రం పథ్యం ఉండి తర్వాత వదిలేయకండి. పరీక్షలో మంచి అంకె వస్తుంది, ఇంటికి వచ్చాక మాత్ర లెక్క తప్పుతుంది. ఇంకొకటి. "రక్తం పల్చబడే మందు" అని మనం అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాం. స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌కు ఆకుకూరతో ఈ తగువు లేదు. ఎపిక్సాబాన్, రివరోక్సాబాన్ లాంటి కొత్త మందులకూ లేదు. పక్కింటావిడకు చెప్పిన పథ్యం మీరు పట్టుకుని ఆకుకూర మానేయకండి. రక్తపోటు ఉన్నవాళ్ళకు ఆకుకూర మంచి స్నేహితుడు. పుంటికూరతో వాళ్ళకు వచ్చే చిక్కల్లా తొక్కులో పోసే ఉప్పుతోనే.

చేదు సొరకాయ

పొద్దున్నే నడకకు వెళ్ళేవాళ్ళ చేతుల్లో పచ్చటి రసం సీసాలు కనిపిస్తాయి. గుండె రక్తనాళాల్లో పూడిక పోతుందని సొరకాయ రసం తాగుతారు. ఇక్కడ దూధీ అంటారు. పూడిక కరుగుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. ప్రమాదానికి మాత్రం రుజువుంది. 2010లో దిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ రసాలు కలిపి తాగి చనిపోయారు. చదువుకున్న మనిషి, ఆరోగ్యం కోసమే తాగారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి, చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దని స్పష్టంగా చెప్పింది.

సొర, దోస, బీర జాతి తీగలన్నీ కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాన్ని తయారుచేయగలవు. సాగు రకాల్లో అది బాగా తక్కువ. నీళ్ళు చాలక, ఎండ దెబ్బ తిన్న తీగకు కాసిన కాయలో అది పెరగవచ్చు. చంద్రపూర్ ఎండ సంగతి చెప్పాలా? మే నెలలో 46, 47 డిగ్రీలు ఇక్కడ మామూలు. ఆ విషం కడుపులోకి పోతే వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలై రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. గుండె జబ్బు ఉన్న మనిషికి ఆ పడిపోవడమే ప్రాణాంతకం.

చేయవలసింది చిన్న పని. తొడిమ దగ్గర, మధ్యలో, కొన దగ్గర చిన్న ముక్క కోసి నాలుక కొనకు తగిలించండి. చేదనిపిస్తే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కాయ మొత్తం పారేయండి. పప్పులో వేసి ఉడికిస్తే పోతుందనుకోకండి, ఉడికినా ఆ విషం విరగదు. డబ్బులు పోయాయని బాధపడకండి, గొడ్లకు వేయకండి. సొరకాయ రసంలో కాకర రసం, ఉసిరి రసం కలపకండి. కలిపితే ఏ చేదు ఎక్కడిదో నాలుకకు తెలియదు. తాగిన కొద్దిసేపటికే కడుపులో తిప్పినా, వాంతి అయినా ఇంట్లో మజ్జిగ తాగుతూ కూర్చోకండి. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి రక్తపోటు నిలబెట్టడమే దారి. మిగిలిన రసం సీసా వెంట తీసుకెళ్ళండి.

కూరగా వండిన తియ్యటి సొరకాయకు వంక పెట్టడానికేమీ లేదు. వారంలో నాలుగుసార్లు వండుకోండి.

పోపుల డబ్బాలో బలురక్కసి

ఇది తక్కువమందికి తెలిసిన సంగతి, అందుకే కాస్త ఆగి చెబుతున్నాను. పడావు పొలాల్లో, రోడ్ల పక్కన ముళ్ళ ఆకులతో, పసుపు పచ్చని పూలతో ఒక మొక్క కనిపిస్తుంది. మనం బలురక్కసి అంటాం, బ్రహ్మదండి అనీ అంటారు. మరాఠీలో పివళా ధోత్రా. దాని గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. వాటి నూనెలో సాంగ్వినరిన్ అనే విషం ఉంది. అది సన్నని రక్తనాళాల గోడలను సడలిస్తుంది. నీరు బయటికి కారి కాళ్ళు వాస్తాయి, ఊపిరి అందదు, చివరకు గుండె చేతులెత్తేస్తుంది. 1998లో దిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా చనిపోయారు.

మనం ఆవనూనెతో వండం. కానీ విడిగా అమ్మే ఆవాలు కొంటాం. కొన్నప్పుడు ఒక చెంచా ఆవాలు తెల్ల కాగితం మీద పోసి, వెలుతురులో చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది. బలురక్కసి గింజ నల్లగా, పైన గరుకుగా ఉంటుంది. అనుమానం వచ్చిన గింజను గోటితో నొక్కండి. లోపల పసుపుగా ఉంటే ఆవగింజ, తెల్లగా ఉంటే బలురక్కసి. ఒక్క గింజ దొరికినా ఆ పొట్లం వాడకండి. నూనెలు సీలు ఉన్నవే కొనండి, డ్రమ్ములోంచి కొలిచి పోసేది కొనకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకే వారంలో కాళ్ళు వాచి, ఆయాసం వస్తే వయసు అనుకోకుండా ఆ ఇంటి నూనెను అనుమానించండి.

ఇలాంటి కల్తీలో రెండోది లాఖ్ పప్పు, అంటే కేసరి పప్పు. విదర్భ తూర్పు జిల్లాలకు బాగా తెలిసిన పంట. అందులోని విషం నరాల మీద పనిచేసి కాళ్ళు చచ్చుపడేలా చేస్తుందని 1961లో కేంద్రం అమ్మకాన్ని నిషేధించింది. అందులో హోమోఆర్జినిన్ అనే పదార్థం కూడా ఉందనీ, అది గుండెకు మేలనీ ఈమధ్య మాటలు వినిపిస్తున్నాయి. ఆ పదార్థం మీద పరిశోధన జరుగుతున్న మాట నిజమే. దాని కోసం ఈ పప్పు రోజూ తినకండి. కందిపప్పు కొనేటప్పుడు చేతిలో పోసుకుని, ఒకవైపు ఏటవాలుగా, పలకలు తేలి నలుచదరంగా ఉన్న బద్దలు ఉన్నాయేమో చూడండి.

జవస్

విదర్భ మనకిచ్చిన మంచి వస్తువు ఇది. జవస్ అంటే మన అవిసె గింజలే. వాటిలో మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3 కొవ్వు, కొలెస్ట్రాల్‌ను పట్టి బయటికి పంపే జిగురు పీచు ఉన్నాయి. రోజుకు ఒకటి రెండు చెంచాలు చాలు. గింజ గింజగా మింగితే వచ్చింది వచ్చినట్టే పోతుంది. చిన్న మంట మీద దోరగా వేయించి, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ వేసి దంచుకోండి. ఒకేసారి కిలో పొడి కొట్టి పెట్టకండి, ఆ నూనె తొందరగా కంపు వస్తుంది. వారానికి సరిపడా చేసుకోండి, ఉప్పు తగ్గించండి. తిన్నాక నీళ్ళు బాగా తాగండి. గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టి, డాక్టరు నీళ్ళకు కొలత పెట్టి ఉంటే ఆ కొలత దాటకండి. మాత్రకూ అవిసె పొడికీ మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే జిగురు మాత్రను రక్తంలోకి సరిగా చేరనివ్వదు. పచ్చి గింజల పిండి గుప్పెళ్ళ కొద్దీ తినకండి, అందులో సయనైడ్ పుట్టించే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. వేయిస్తే తగ్గుతాయి. హార్డ్‌వేర్ షాపులో రంగుల్లో కలపడానికి అమ్మే అవిసె నూనె తిండికి పనికిరాదు. సీసా ఎంత ఒకేలా ఉన్నా దాన్ని వంటింట్లో పెట్టకండి.

ఖర్రా

దీని గురించి మెత్తగా రాయడం నాకు చేతకాదు. ప్లాస్టిక్ కాగితంలో వక్క ముక్కలు, పొగాకు, సున్నం వేసి, పాన్ ఠేలా మీద అరచేత్తో రుద్ది రుద్ది ఇస్తారు. గని షిఫ్టుకు వెళ్ళే అన్న, ఆటో నడిపే తమ్ముడు, కాలేజీ పిల్లలు, ఇంట్లో అమ్మలు కూడా. చాలామంది దీన్ని తిండి కిందే లెక్కేస్తారు, "ఖర్రా తిన్నావా?" అని పలకరించుకుంటారు. వక్కలో అరికోలిన్, పొగాకులో నికోటిన్, రెండూ మొక్కల రసాయనాలే. సున్నం వాటిని చెంప లోపలి నుంచి రక్తంలోకి తొందరగా ఎక్కిస్తుంది. నాడి వేగం పెరుగుతుంది, రక్తపోటు లేస్తుంది, గుండె రక్తనాళాలు బిగుసుకుంటాయి. నోటి క్యాన్సర్ గురించి అందరికీ తెలుసు. ఖర్రా నమిలేవాళ్ళ గుండె గురించి ఎవరూ మాట్లాడరు.

1982 దాకా మన జిల్లాలోనే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో స్థాపించిన సెర్చ్ సంస్థ ఉంది. అక్కడ 2016లో మొదలైన ముక్తిపథ్ కార్యక్రమం ఊరూరా తిరిగి పొగాకు, సారా మాన్పించే పని చేస్తోంది. అభయ్ బంగ్ తనకు వచ్చిన గుండె జబ్బు గురించి మరాఠీలో పుస్తకమే రాశారు.

చేయవలసింది మానడం. ఒక్కరోజులో మానలేకపోతే మానిపించే మందులు, సలహాలు ఉంటాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. స్టెంట్ వేయించుకున్నాక "సిగరెట్ మానేశాను, ఖర్రా ఒక్కటే" అనకండి. గుండెకు రెండూ పొగాకే. పొగాకు తీసేసి వక్క ఒక్కటే నమిలితే ఫరవాలేదనీ అనుకోకండి. పిల్లలను ఖర్రా తెమ్మని ఠేలాకు పంపకండి.

అతిమధురం, గన్నేరు, తెల్లమద్ది

దగ్గు వస్తే అతిమధురం వేరు నమలడం, కషాయం కాచుకోవడం మన అలవాటు. రెండు మూడు రోజులు ఫరవాలేదు. వారాల తరబడి తీసుకుంటే అందులోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళు, డిగాక్సిన్ అనే గుండె మాత్ర వాడేవాళ్ళు దాన్ని అసలు ముట్టకండి. పొటాషియం తగ్గిన గుండె మీద డిగాక్సిన్ విషంలా పనిచేసి లయ తప్పిస్తుంది.

డిగాక్సిన్ కూడా మొక్క మందే. 1785లో ఇంగ్లండ్‌లో విలియం విథరింగ్ అనే వైద్యుడు ఫాక్స్‌గ్లవ్ ఆకు గుణాలను పుస్తకంగా రాసిన నాటి నుంచి ఆ జాతి మందు వాడుకలో ఉంది. మన పెరటి గన్నేరులో, పచ్చగన్నేరు కాయలో ఉన్నవి కూడా దానికి చుట్టాలే, కొలత లేని చుట్టాలు. గన్నేరు పూలు పూజకు కోసుకోండి, ప్రసాదం పళ్ళెంలో పెట్టకండి. కోసిన చేతులు కడుక్కోండి. గన్నేరు పుల్లతో పళ్ళు తోమకండి, పొయ్యిలోకీ వాడకండి. పచ్చగన్నేరు కాయలతో పిల్లలను ఆడనివ్వకండి. ఎవరైనా మింగితే లక్షణాల కోసం ఎదురు చూడకుండా బయలుదేరండి.

తడోబా వైపు వాగుల ఒడ్డున తెల్లమద్ది చెట్లు నున్నటి బూడిదరంగు మానుతో నిలబడి ఉంటాయి. ఆ బెరడును గుండెకు మందుగా ఆయుర్వేదం ఎంతోకాలంగా వాడుతోంది. దానిమీద నాకు గౌరవం ఉంది. అయినా, సంతలో ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన బెరడు కాచి తాగుతూ, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర ఆపేసిన మనిషిని చూశాను. మూడు నెలలకు ఛాతీ నొప్పితో పడిపోయాడు. బెరడు వాడాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుణ్ణి అడగండి, వాడుతున్నట్టు గుండె డాక్టరుకూ చెప్పండి. మాత్ర మాత్రం ఆపకండి.

మిగిలినవి నాలుగు మాటల్లో. కూరలో ఎల్లిగడ్డ ఎంతైనా తినండి. ఎల్లిగడ్డ, పసుపు గొట్టం మాత్రలు రోజూ మింగేవాళ్ళు ఆపరేషన్‌కో పన్ను పీకించుకోవడానికో ముందు ఆ సంగతి చెప్పండి, రక్తం ఆగడం ఆలస్యం కావచ్చు. అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవాళ్ళు పంపరపనస రోజూ తినకండి. నాగపూర్ సంత్రాతో ఆ పేచీ లేదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ తగ్గినవాళ్ళు, స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్ళు ఎండాకాలమని రోజుకు రెండు మూడు బోండాలు తాగకండి, రోజుకు ఎంత తాగవచ్చో అడిగి తాగండి.

ఇక ఆసుపత్రికి వెళ్ళే రోజు గురించి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు కాయకండి, 108కి ఫోన్ చేయండి. ఇంట్లో తింటున్న ఆకులు, రసాలు, కషాయాలన్నీ ఒక కాగితం మీద రాసి మాత్రల డబ్బాలో పెట్టుకోండి. తెలుగు పేరు పక్కన ఇక్కడి పేరు కూడా రాయండి, ఎందుకంటే రాత్రి పన్నెండు గంటలకు డ్యూటీలో ఉన్న డాక్టరుకు పుంటికూర అంటే తెలియదు. పుంటికూర అంబాడీ. సొరకాయ దూధీ. అవిసెలు జవస్. అతిమధురం జ్యేష్ఠమధ్. తెల్లమద్ది బెరడు అర్జున్ సాల్. గన్నేరు కణ్హేర్. మా మేనత్త కాగితం ఎసిట్రోమ్ పట్టీకి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటుంది. అందులో మొదటి వరుస: "అంబాడీ, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఒక గరిటె."